మైసమ్మ ముందరి ఇనుప దిమ్మె

దేవుడి పనికి చిట్టీ రాయరు. మా ప్లాంటు స్టోరు నుంచి ఒక్క నట్టు బయటికి పోవాలన్నా చిట్టీ కావాలి, దాని మీద ఫోర్‌మన్ సంతకం, నా సంతకం, గేటు దగ్గర ముద్ర. కానీ బోనాల పందిరికి పోయే పైపులు, గుడికి వేసే సున్నం, తాళ్లు, రేకులు, బల్బులు ఏ పుస్తకంలోనూ కనపడవు. అడిగినవాళ్లు "మైసమ్మకు" అంటారు, ఇచ్చేవాళ్లు ఇస్తారు. నాకు ముందు స్టోరు చూసినాయన అలాగే ఇచ్చాడు. నేనూ అలాగే ఇచ్చాను. ఈ అలవాటు మంచిదా చెడ్డదా అని ఏనాడూ ఆలోచించలేదు.

గోదావరిఖని నుంచి షేర్ ఆటోలో ఇరవై నిమిషాలు పోతే మా ప్లాంటు వస్తుంది. గనుల నుంచి వచ్చిన బొగ్గును కడిగి, రాయిని వేరుచేసి పంపే ప్రైవేటు ప్లాంటు. చేతులు మారీ మారీ ఇప్పుడు మూడో యజమాని దగ్గర ఉంది. మా నాన్న బొగ్గు బాయి పనిలో పర్మినెంటు మనిషి, ఆయనకు క్వార్టరు ఉండేది, దవాఖాన ఉండేది, రిటైరై దిగిపోయేనాడు దండ వేసి పంపారు. నేను కాంట్రాక్టు మనిషిని. నన్ను పంపాలంటే ఒక ఫోను చాలు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, తర్వాత నేను చేసిన పనికి ఇదే నా సాకు కాబట్టి.

నేను చేరిన రోజున పాత స్టోర్‌కీపరు తాళాల గుత్తి, ఒక జాబితా చేతిలో పెట్టి బస్సెక్కి వెళ్లిపోయాడు. జాబితాలో చివరి వరుస, "ఇనుప దిమ్మెలు, నాలుగు, వెనక గది." తాళం తీసి చూస్తే పాత టార్పాలిన్ కింద నాలుగు దిమ్మెలు. ఒక్కొక్కటి ఇద్దరు మనుషులు లేపితే గాని లేవదు. పసుపు రంగు వెలిసిపోయి, పక్కన మూడు రెక్కల బొమ్మ సగం చెరిగి ఉంది. ఫ్యాను బొమ్మ అనుకున్నాను. బ్లోయరు కింద పెట్టే బరువులు కాబోలనుకుని తాళం వేసేశాను. ఆ తర్వాత ప్రతి నెలా రిజిస్టరులో ఆ వరుస ఎదురుగా "ఉన్నవి, నాలుగు" అని రాసి సంతకం పెట్టడమే నా పని. గది తాళం ఉందంటే లోపలివి ఉన్నట్టే. మా దగ్గర చార్జి అప్పజెప్పడం అంటే తాళాలు లెక్కపెట్టుకోవడమే, సామాను కాదు.

తోడబుట్టకపోయినా నేను అక్క అని పిలిచే ఆమె, నేను చేరిన నెలలోనే చేరింది. ప్లాంటు ఊడ్చే పని. బెల్టుల కింద రాలిన బొగ్గు పొడి ఎత్తడం, ఆఫీసు కడగడం, గేటు పక్కన వేపచెట్టు కింద ఉన్న మైసమ్మ గుడి ముందు కళ్లాపి చల్లడం. ఆఖరిది ఎవరూ చెప్పిన పని కాదు, తనే పెట్టుకుంది. నాకంటే నాలుగేళ్లు పెద్దది. నోరు మంచిది, ఎవరినైనా ఒక మాట అని నవ్వించేది. సూపర్వైజరు కేకలేస్తే, "అరువు తెచ్చుకున్న గొంతు గాదు గద సారు, గట్లనే ఒర్లుండ్రి" అనేది. ఆయనకూ నవ్వు వచ్చేది.

మధ్యాహ్నం అన్నం తినడానికి మగవాళ్లకు షెడ్డు ఉంది. నాకు స్టోరులో బల్ల ఉంది. అక్కకు ఏదీ లేదు. స్టోరులో కూర్చుని తినమని ఒకటి రెండుసార్లు పిలిచాను. గట్టిగా పిలవలేదు. ఆమె చీర నిండా బొగ్గు పొడి ఉండేది, లెడ్జర్లు పాడవుతాయని నా భయం. ఆమె కనిపెట్టింది. తర్వాత నేను పిలిచినా రాలేదు. మైసమ్మ గుడి పక్కన వేప నీడలో గోనెసంచి పరుచుకుని అక్కడే టిఫిన్ డబ్బా తెరిచేది.

ఆ ఏడు ఆషాఢంలో నలుగురు మనుషుల్ని వెంటేసుకుని స్టోరుకు వచ్చింది.

"చెల్లె, మైసమ్మ కాడ కొబ్బరికాయ కొట్టే రాయి పలిగింది. బరువున్నదేమన్న ఉంటె ఇయ్యి. అల్కటిది పెడితె ఎవడన్న ఎత్తుకపోయి పాత సామాన్లకు అమ్ముకుంటడు."

నాకు వెంటనే వెనక గది గుర్తుకొచ్చింది. తాళం తీశాను. నాలుగింటిలో ముందున్న దాన్ని తాడు కట్టి, బొంగు మీద వేసుకుని మోసుకుపోయారు. పోతుంటే నేనే అన్నాను, "రంగు గూడ పసుపే ఉన్నది అక్కా, మల్ల పసుపు పుయ్యాల్సిన పనిలేదు." అందరూ నవ్వారు. అయినా పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, ఆ ఫ్యాను బొమ్మ మీద కూడా. చిట్టీ రాయలేదు. రిజిస్టరులో నాలుగు నాలుగుగానే ఉండిపోయాయి.

దాదాపు ఏడేళ్లు. షిఫ్టు ఎక్కేవాళ్లు దానికి దండం పెట్టి పోయేవారు. ఆదివారాలు, పండగలు, కొత్త మోటారు బిగించినప్పుడు, ఎవరికైనా బిడ్డ పుట్టినప్పుడు దాని అంచున కాయ కొట్టేవారు. అక్క దాన్ని రోజూ కడిగి పసుపు పూసేది. అన్నం తినేటప్పుడు వీపు దానికి ఆనించి కూర్చునేది. ఎండ నుంచి వచ్చినోళ్లకు ఆ ఇనుము చల్లగా ఉంటుందని చెప్పేది.

మొదట చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. వేపపుల్ల గీరుకుందని అనుకుంది. తర్వాత ఒంటి మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. మెట్లెక్కితే ఆయాసం. గోదావరిఖనిలో రక్తం పరీక్ష చేసి కరీంనగర్ పొమ్మన్నారు, కరీంనగర్‌లో హైదరాబాద్ పొమ్మన్నారు. వచ్చాక నాతో అంది, "నా ఒంట్ల నెత్తురు తయారైతలేదట చెల్లె. ఫ్యాక్టరీ బంద్ అయిందట లోపట." అప్పుడు కూడా నవ్వుతూనే అంది.

ఆమె సెలవులో ఉన్న రోజుల్లోనే ఒక ఉత్తరం వచ్చింది. ప్లాంట్లలో వాడే ఒక రకం కొలత గేజీలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో అన్నీ మళ్లీ నమోదు చేయాలని పైనుంచి ఆదేశం. మేనేజరు హైదరాబాద్ నుంచి ఒక సేఫ్టీ ఆయన్ని పిలిపించాడు. నడివయసు మనిషి, చేతిలో చిన్న మీటరు. వెనక గది తెరిపించి మూడు దిమ్మెలు చూసి, రిజిస్టరులో నాలుగు చూసి, నా వైపు తిరిగాడు.

"నాలుగోది ఎక్కడమ్మా?"

అప్పుడు గాని నాకు ఎవరూ చెప్పలేదు అవి ఏమిటో. కడిగే నీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో కొలవడానికి మొదటి యజమాని కాలంలో పైపులకు బిగించినవి. పైన ఇనుప తొడుగు, లోపలంతా సీసమే, దాని నడుమ గోళీ కన్నా చిన్నదొకటి ఉంటుంది, దాని నుంచి కిరణాలు వస్తాయి. ఒక పక్క కిటికీ, దానికి మూత, మూతకు పిడి, పిడికి తాళం. మూత వేసి ఉంటే పక్కన నిలబడినా పెద్ద ప్రమాదం లేదట. కొత్త పరికరాలు వచ్చాక వీటిని విప్పి గదిలో పడేశారు. నేను ఫ్యాను అనుకున్నది ప్రమాదం గుర్తు.

చేత్తో గేటు వైపు చూపించాను.

గుడికి నాలుగడుగుల దూరంలోనే ఆయన మీటరు చిటచిటలాడింది. అందరినీ వెనక్కి పొమ్మన్నాడు. ఏడేళ్లు కొబ్బరికాయలు కొట్టిన అంచునే ఆ తాళం ఉండేదట. అది ఎప్పుడో పగిలి పడిపోయింది, పిడి వంగిపోయింది, మూత సగం పక్కకు జరిగింది. ఆ కిటికీ ఎటు తిరిగి ఉందో చూశాను. వేప నీడ వైపు. అక్కడ మడిచిన గోనెసంచి ఉంది.

"ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగాడాయన. పదిమంది ఉన్నాం. అందరం ఆ గోనెసంచి వైపే చూశాం.

పెద్ద పెద్ద చెడ్డవాళ్లు చేసిన పని అయితే ఇది రాయడం సులువు. మా మేనేజరు చెడ్డవాడు కాదు. ఆ గదిలో దిమ్మెల్ని వదిలించుకోవడానికి ఆయన అంతకుముందే ఉత్తరాలు రాశాడని ఆ రోజే తెలిసింది, ఫైలు నా ముందు విసిరాడు. అమ్మిన కంపెనీ వెనక్కి తీసుకోవాలని నియమం. ఆ కంపెనీ ఏదో దేశంలో మూతపడింది. దాని పేరు కొనుక్కున్నవాళ్లు, మేము అమ్మినవాటికే మాది బాధ్యత అన్నారు. ఇలాంటి చెత్తను పూడ్చిపెట్టే సర్కారు స్థలం దూరాన ఉంది. వాళ్లు తీసుకుంటారు గాని లైసెన్సు ఉన్నవాడే దరఖాస్తు పెట్టాలి. లైసెన్సు మొదటి యజమాని పేరు మీద ఉంది, ఆ మొదటి యజమాని కంపెనీయే ఇప్పుడు లేదు. పేరు మార్చాలంటే ప్లాంటులో శిక్షణ పొందిన రేడియేషన్ అధికారి ఉండాలి. ఆ అధికారిని గుర్తించాలంటే ముందు ప్లాంటుకు లైసెన్సు ఉండాలి. లారీలో తరలించాలంటే లీకు పరీక్ష కాగితం కావాలి. లీకు పరీక్షకు మనిషి రావాలంటే మళ్లీ ఆ అధికారి సంతకం కావాలి. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు అంటే ఇదే. ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట మాత్రం తప్పకుండా ఉంది, "తక్కువ స్థాయి వ్యర్థం." ఎవరికి తక్కువో రాయలేదు.

"చూడమ్మా," అన్నాడు మేనేజరు. "ఇది పైకి రాస్తే రేపే సీలు వేస్తారు. రెండు వందల మంది ఇంటికి పోతారు. అందరికంటే ముందు చిట్టీ లేకుండా సరుకు ఇచ్చిన నువ్వు పోతావు. ఆ ఊడ్చే ఆమెకు వచ్చిన జబ్బు దీనివల్లేనని రాసిచ్చే డాక్టరు దేశంలో లేడు."

సేఫ్టీ ఆయన్ని అడిగాను, అవునా అని. ఆయన కళ్లు దించుకున్నాడు. "దీనివల్ల అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ముందు ఆమెను పెద్ద దవాఖానలో చూపించండి," అన్నాడు. మూత సరిచేసి, కొత్త తాళం వేసి, దిమ్మెను గదిలో పెట్టించి, నాలుగూ గదిలోనే ఉన్నట్టు నివేదిక రాసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. "నాలుగు దిమ్మెలు మొదటి నుంచీ వెనక గదిలోనే ఉన్నవి" అని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా వంతు పిడికెడు కాదు, దోసెడు.

పనివాళ్లకు మైసమ్మ గుడి బాగుచేస్తున్నామని చెప్పారు. కొత్త నల్లరాయి తెచ్చి పెట్టారు. చూసినవాళ్లకు తెలుసు ఏదో జరిగిందని. ఎవరి డ్యూటీ వాళ్లు చేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు.

వారం తర్వాత అక్క ఇంటికి వెళ్లాను. చేతిలో ఒక కవరు ఉంది. హైదరాబాద్‌లో డాక్టరు, పని దగ్గర రేడియేషన్ గాని మందులు గాని తగిలే వీలుందా, ప్లాంటు నుంచి రాయించుకు రమ్మన్నాడట. ప్లాంటు రాసిచ్చింది, అలాంటి వస్తువులతో ఈమెకు ఏ సంబంధమూ లేదని. ఆ కవరు తీసుకెళ్లిన తపాలామనిషిని నేనే.

అక్క మంచంలో ఉంది. సగం అయిపోయింది. పట్నంలో చదువు ముగించుకొచ్చిన ఆమె బిడ్డ పక్కన కూర్చుని ఉంది. కవరు బిడ్డకిచ్చి చాయ్ తీసుకున్నాను. బిడ్డ వంటింట్లోకి పోగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఒక మాట చెప్త, ఎవలకు చెప్పకు. ఇది మైసమ్మ వెట్టిన బాధ. నేను తప్పు చేసిన."

"ఏం తప్పు అక్కా?"

"ముట్టున్న దినాలల్ల గూడ గాడనే కూసున్న. వీపు ఆనిచ్చి తిన్న. ఒక్కపారి కోడిగుడ్డు గూడ తిన్న. కూసోనికి ఇంకో జాగ లేదు, ఏం జెయ్యాలె? నేను బీమారున వడంగనె అమ్మ గా దిమ్మెను గూడ ఉంచుకోలేదట గద. నేను ముట్టిన్నని తీపిచ్చిందట. మా ఆయన గట్లనే అంటున్నడు, వాడకట్టోళ్లు గూడ అంటున్నరు. ఒడి నిండ ముడుపులు కట్టిన."

చెప్పాల్సిన మాట నా నోట్లోకి వచ్చింది. దిమ్మెను తీయించింది మైసమ్మ కాదు అక్కా, మేనేజరు. అక్కడ పెట్టించింది నేను. ఇంతే మాట. పలికితే నా ఉద్యోగం పోతుంది. నా కొడుకు డిప్లొమా రెండో ఏడు. చాయ్ తాగేశాను. "గట్ల అనుకోకు అక్కా" అని చెప్పి లేచి వచ్చాను. గట్ల అనుకోకు! ఇంకెట్లా అనుకోవాలో చెప్పకుండా ఆ మాట అన్న నన్ను చెప్పుతో కొట్టాలి.

ఆమె తర్వాత రెండు గుళ్లకు తప్పు ఒప్పుకోవడానికి పోయింది. జ్వరంతో తడిబట్టలతో ప్రదక్షిణలు చేసిందని తెలిసింది. ఒంట్లో నెత్తురు లేని మనిషి. భర్త పక్కింట్లో పడుకోవడం మొదలుపెట్టాడు, అంటు సోకుతుందని కాదు, అమ్మ కోపం తనకు కూడా తగులుతుందని. నాకు ఇవన్నీ షేర్ ఆటోలో వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు చెప్పేవారు. వింటూ రోడ్డు వైపు చూసేదాన్ని.

ఆరు నెలలు ఓర్చుకున్నాను. ఓర్చుకున్నాననడం కూడా తప్పే, ఓర్చుకున్నది ఆమె. ఒక ఆదివారం పొద్దున వెళ్లి, బిడ్డ వింటుండగానే అంతా చెప్పాను. వెనక గది, మూడు రెక్కల బొమ్మ, మీటరు, వంగిన పిడి, నా సంతకం, నేను తెచ్చిన కవరులోని అబద్ధం. "దీనివల్లనే వచ్చిందని నేను చెప్పలేను అక్కా. మైసమ్మ వల్ల రాలేదని మాత్రం చెప్పగల్గుత."

తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికే పోయాను. ఆమె పైకప్పు రేకు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అయితె నేను ముట్టుకున్నందుకు గాదా?"

"కాదక్కా."

"అమ్మకు నా మీద కోపం లేదా?"

"లేదక్కా."

కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడవబోతే నా చెయ్యి పక్కకు నెట్టింది.

"గీ మాట ఆర్నెల్ల కింద చెప్పకపోతివి చెల్లె. నా మొగడు నా మంచం కాడికి రాక ఆర్నెల్లాయె. నేను రోజు పొద్దుగాల లేసి, ఏం పాపం జేసిన్నో అని లెక్కవెట్టుకున్న. సచ్చుడు పెద్ద కష్టం గాదు. గిది కష్టం."

ఆమె ఒక కోరిక కోరింది. డబ్బు అడగలేదు, కేసు వేయమనలేదు. నేను చెప్పినదంతా కాగితం మీద రాయమంది. వాళ్ల బిడ్డ నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇచ్చింది. రాసి చదివి వినిపించాను. రెండుచోట్ల ఆపి దిద్దించింది. "గది గిట్ల గాదు, బరువున్నది కావాలన్నది నేను, నువ్వొక్కదానివే ఇయ్యలేదు. అది గూడ రాయి," అంది. రాసి సంతకం పెట్టాను.

"దీన్ని బోనాల నాడు మైసమ్మ ముందట నిలవడి సదువు. షిఫ్టోళ్లు, వాడకట్టోళ్లు, మా ఆయన, అందరు ఉంటరు గద. నీ నోటితోనే సదువాలె. నేను తప్పు చెయ్యలేదని అందరు ఇనాలె."

సరే అన్నాను. చేతిలో చెయ్యి వేసి సరే అన్నాను.

ఇరవై రోజులకు చనిపోయింది. వాడకట్టులో కొంతమంది శవం దగ్గరికి కూడా రాలేదు.

దిమ్మెలు నాలుగూ ఇప్పటికీ వెనక గదిలోనే ఉన్నాయి. ఉత్తరాలు ఇంకా తిరుగుతున్నాయి. కిందటి నెల ఒక శాఖ ఇంకో శాఖను అడిగి చెబుతామని రాసింది. అక్క చీపురును కాంట్రాక్టరు ఆమె బిడ్డ చేతికిచ్చాడు, అదే పెద్ద సాయమన్నట్టు. డిగ్రీ చదివిన పిల్ల, ఇంటి అప్పులకు ఒప్పుకుంది.

ఆమె చేరాక వచ్చిన మొదటి ఆషాఢంలో బోనం ఎత్తుకుని గుడి దగ్గరికి వచ్చింది. డప్పులు ఆగాయి. రెండు షిఫ్టుల మనుషులు ఉన్నారు, వాడకట్టు ఆడవాళ్లున్నారు, ఆమె నాన్న ఒక పక్కగా నిలబడ్డాడు. మేనేజరు కుంకుమ బొట్టుతో ముందు వరుసలో ఉన్నాడు. పిల్ల బోనం దించి, కొంగున కట్టుకున్న కాగితం విప్పి నా చేతిలో పెట్టింది.

"చదువు పిన్నీ," అంది. మెల్లగానే అంది.

కాగితం తెరిచాను. నా రాతే. మొదటి మాట పలకడానికి నోరు తెరిచాను. మేనేజరు నా వైపు చూశాడు, కోపంగా కూడా చూడలేదు, ఊరికే చూశాడు.

"గొంతు పట్టేసింది బిడ్డా," అన్నాను. "వచ్చే ఏడు చదువుత."

పిల్ల నా ముఖం వైపు చూసింది. కాగితం తీసుకుని, మళ్లీ మడిచి, కొంగున ముడి వేసుకుంది. డప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం అన్నం వేళకు అందరూ పోయాక ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని చుట్టూ చూసింది. షెడ్డులో మగవాళ్లున్నారు. గుడి దగ్గరికి పోలేదు. ఎండలో, గేటు బయట, రోడ్డు పక్కన కూర్చుని తింది. కాగితం చదివేదాకా గుడి పక్కన తినడం వాడకట్టు లెక్కలో వాళ్ల అమ్మ చేసిన తప్పే, అది తనూ చేసిందని అనిపించుకోకూడదని.